మడ్డి పడే వైపు

బసవయ్య గారి అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకుని దేవిదాసు ఉలితో గీకుతుంటే తుప్పు పెచ్చులుగా ఊడి అతని ఛాతీ మీద పడుతోంది. బయట నిలబడి ఆ చప్పుడు వింటున్న లింగానికి పళ్ళు జివ్వుమంటున్నాయి. కారు అతనిది కాదు, అతను నడిపేవాడు మాత్రమే. అయినా డ్రైవర్లందరికీ ఆ జబ్బు ఉంటుంది. యజమాని చెంప మీద కొట్టినా ఓర్చుకుంటారు గానీ బండికి గీత పడితే ప్రాణం విలవిల్లాడుతుంది.

నిజామాబాదు దాటి బోధన్ రోడ్డు ఎక్కగానే లారీలు ఆగే చోట దేవిదాసు రేకుల షెడ్డు ఉంది. దేవిదాసు లింగం అక్క భీమవ్వ మొగుడు. పుణెలో ట్యాంకర్ల బాడీలు కట్టే చోట కొన్నేళ్ళు చేసి వచ్చిన మనిషి. లారీ తొట్టికి కొట్టే నల్ల కోటింగు ఈ చుట్టుపక్కలకు తెచ్చింది అతనే. రెండు డబ్బాల మందు అది. ఒకదాంట్లో నల్లటి చిక్కటి రంగు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ కలిపాక బీడీ ముట్టించుకునే తీరిక కూడా ఉండదు. ఆరిందంటే చెప్పు అట్టంత మందాన రబ్బరు పరిచినట్టు ఉంటుంది.

చెరకు రసంలోంచి చక్కెర తీశాక నల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డి డ్రమ్ములు మోసే లారీల తొట్లు రెండు మూడు సీజన్లకే జల్లెళ్ళయ్యేవి. దేవిదాసు మందు కొట్టాక వాటికి చావు లేకుండా పోయింది. ఆ మాట బసవయ్య చెవిన పడింది.

బసవయ్య తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. పొలం, కళ్ళం బోధన్ అవతల, అట్లా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో, మేడ నిజామాబాదులో. రోజూ రెంటికీ మధ్య కారు తిరగాల్సిందే.

"ఏరా లింగం, ఆ మడ్డి లారీలకి పూసేది మీ బావేనంటగా? మన కారు అడుక్కీ అదే పూయించు," అన్నాడు. "లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దని చెప్పు. కొత్త సీట్లు."

కొత్త సీట్ల సంగతి అబద్ధం కాదు. కాకపోతే ఆ సీట్ల ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, గోనెసంచుల కింద ఏం ప్రయాణం చేస్తుందో లింగానికి తెలుసు. దొంగసారా కాచే గుడుంబా బట్టీలకు పోయే మడ్డి క్యాన్లు. తెల్ల అంబాసిడర్, వెనక సీట్లో తెల్ల చొక్కా పెద్దమనిషి. ఆపి చూసే ధైర్యం ఎవరికి ఉంటుంది? క్యాన్లు కారేవి. లింగం కారు నేల మీది చాప కింద పాత చీరలు పరిచి తుడిచేవాడు, తుడిచినంత తుడిచి మిగిలింది చాప కిందికి తోసేవాడు.

దేవిదాసు పని మొదలుపెట్టే ముందే అడిగాడు. "లోపట చాప లేపి సూడాలె లింగా. పైనుంచి తడి దిగుతుంటే కింద ఎంత కొట్టినా దండుగ."

"వద్దు బావా. సారు ముట్టొద్దన్నడు."

"నీ సారు కారు కింద పండుకుంటడా? పండేది నేను గదా!" అని నవ్వి దేవిదాసు కిందికి దూరిపోయాడు.

కిరసనాయిలుతో కడిగాడు. ఇనప బ్రష్షుతో తోమాడు. నేల రేకులో నీళ్ళు పోవడానికి ఉండే రంధ్రాల్లో గుడ్డ పేలికలు మెలిపెట్టి దూర్చాడు, మందు వాటిని మూసెయ్యకుండా. ఆ తర్వాత మందు కలిపి మొదటి కోటు కొట్టాడు. బ్రష్షు పట్టిన చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. మధ్యాహ్నానికి కారు అడుగు నల్లగా నిగనిగలాడింది. చూసి లింగం మురిసిపోయాడు.

రెండో కోటుకు ముందు దేవిదాసు రంధ్రంలోంచి ఒక పేలిక లాగాడు. నల్లటి చుక్క జారి అతని పెదవి మీద పడింది. నాలుకతో చూశాడు. మడ్డి తీపి. బయటికి వచ్చి, వెనక తలుపు తీసి చాప లేపాడు.

కింద నేల లేదు. నేల ఉండాల్సిన చోట మడ్డి అట్టలు కట్టి ఉంది. ఉలి మొన ఆనించగానే రేకు కాల్చిన అప్పడంలా పొడైపోయింది, దాని అడుగున ఇందాక తాను కొట్టిన నల్ల కోటింగు తేలింది.

"ఓరి లింగా," అన్నాడు మెల్లగా. "గీ కారుకు ఇనుము లేదురా. నా రబ్బరు మీద నిలవడ్డది."

సరిగ్గా అప్పుడే బసవయ్య ఆటో దిగి షెడ్డులోకి వచ్చాడు.

దేవిదాసు మంచికే చెప్పాడు. ఆ మనిషికి కడుపులో దాచుకోవడం రాదు. "సారు, లారీ తొట్టికి మీద కొడ్తం. ఎందుకు? మడ్డి మీద వడ్తది గాబట్టి. మీ కారుల గూడ మడ్డి లోపటనే వడ్తున్నది. మీరేమో కింద కొట్టియ్యమన్నరు. కింద ఎంత కొట్టినా మీదికెల్లి తింటనే ఉంటది. సీట్లు తియ్యాలె, రేకు కోసి కొత్తది ఎయ్యాలె, మీదికెల్లి కొట్టాలె. గంతదాంక దీంట్ల మనిషిని కూసోవెట్టద్దు సారు. కాలు దిగవడ్తది."

బసవయ్య కారును చూడలేదు. షెడ్డు బయట టీ తాగుతున్న లారీల వాళ్ళను చూశాడు. వెనక్కి తిరిగి షట్టరు కిందికి లాగాడు.

"చాప ఎవడు లేపమన్నాడురా?"

"సారు, నేను..."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. దేవిదాసు తూలి డబ్బాల మీద పడ్డాడు. "లోపల చెయ్యి పెట్టొద్దని చెప్పానా లేదా? మడ్డీ గిడ్డీ అని ఊరంతా చాటతావా? నా కారులో టేపు ఏదిరా? టేపు లాగేసి, ఇప్పుడు నేల పోయిందని కథలు చెప్తావా, దొంగనాకొడకా!"

ముందు భాగంలో పాటలు పెట్టుకునే టేపు ఉండాల్సిన చోట బొక్క ఉన్నమాట నిజమే. కానీ అది రిపేరుకు పోయింది. బసవయ్య చెప్తేనే బోధన్‌లో దుకాణానికి తీసుకెళ్ళి ఇచ్చింది లింగమే.

దేవిదాసు లేచాడు. అతనికి కోపం వచ్చింది. "దొంగ అనకు సారు. కొట్టినవ్, పడ్డ. దొంగ అంటె మాత్రం..." అని బసవయ్య చొక్కా గల్లా పట్టుకున్నాడు.

"లింగం! పట్టుకోరా వీణ్ణి!"

ఏ మనిషైనా ఆలోచించి చేసే పనులు కొన్నే. ఏళ్ళ తరబడి 'ఆపరా' అంటే ఆపి, 'తియ్యరా' అంటే తీసి, ఆ గొంతుకు ఒళ్ళు అలవాటు పడిపోయింది. లింగం వెనకనుంచి బావ రెండు రెక్కలూ పట్టుకున్నాడు. పట్టుకున్నాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు. తెలిశాక కూడా వదల్లేదు. అదీ అసలు పాపం.

బసవయ్య జాకీ రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది పక్కటెముకల మీద వేశాడు. దేవిదాసు గింజుకుని కుడిచెయ్యి విడిపించుకుని తల మీద అడ్డం పెట్టుకున్నాడు. మూడో దెబ్బ ఆ చేతి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. దేవిదాసు అరవలేదు. తల తిప్పి లింగం మొహంలోకి చూసి, లింగం చేతుల్లోంచే నేల మీదికి జారిపోయాడు. బసవయ్య కింద పడ్డవాణ్ణి కడుపులో ఇంకో రెండు తన్నులు తన్ని, రొప్పుతూ రాడ్డు పారేశాడు.

"ఆ బొక్కలన్నీ మూసెయ్. రోడ్డు మీద చుక్క కారకూడదు," అన్నాడు లింగంతో.

దేవిదాసు మూలుగుతుంటే, లింగం ఆ పక్కనే కారు కిందికి దూరి, మిగిలిన మందు కలిపి, నీళ్ళు పోయే రంధ్రాలన్నింటి మీదా పులిమాడు. చేతులు వణికి సగం మందు తన మొహం మీదే పడింది.

షట్టరు లేచింది. "దొంగ! టేపు కొట్టేశాడు!" అని బసవయ్య బయటివాళ్ళకు చెప్పాడు. లోపల ఏం జరిగిందో చూసినవాళ్ళు ముగ్గురే.

ఇంట్లో భీమవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని తిట్టిన తిట్లకు వీధి వీధంతా దద్దరిల్లింది. తునికాకు కత్తిరిస్తూ తిట్టింది, జర్దా నింపుతూ తిట్టింది, దారం చుడుతూ తిట్టింది. మొగుడి చేతికి పిండికట్టు, కన్ను వాచి మూసుకుపోయింది, దగ్గితే పక్కటెముకలు పట్టుకుని వంగిపోతున్నాడు.

"ముసలోడు ఒక్కడే నిన్ను గిట్ల కొట్టగల్గుతడా? ఎవలో పట్టుకున్నరు. ఎవలు పట్టుకున్నరు, సెప్పు!"

"వాని మనిషి ఒకడు," అన్నాడు దేవిదాసు గోడవైపు తిరిగి.

"వాని సేతులు పడిపోను! వాని సేతులకు పురుగులు వట్ట! నువ్వు ఏడికి వోయినవురా లింగా గప్పుడు?"

"చాయ తాగనీకి పోయిన అక్కా."

ఆ అబద్ధానికి దేవిదాసు తల తిప్పలేదు, ఔననలేదు, కాదనలేదు. భీమవ్వ తమ్ముడి కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. "తిను. నువ్వన్న సక్కగ తిను," అంది. ఆమె చేత్తో వేసిన రొట్టెను వదిలేసే ధైర్యం లింగానికి లేదు. నీళ్ళతో మింగాడు. అంతకంటే నన్ను కూడా ఆ రాడ్డుతో కొట్టినా బాగుండేది కదా అనుకున్నాడు.

విరిగిన ఎముక ఎట్లాగూ అతుక్కుంటుంది. దొంగ అన్న పేరు అంటుకుంటే లారీ అడ్డాలో బతుకు లేదు. రాత్రుళ్ళు బండి వదిలిపెట్టి పోయే చోట నమ్మకమే గదా పెట్టుబడి! తొట్టి కొట్టించుకోవడానికి నిలబెట్టిన లారీలు ఒకటొకటే వెళ్ళిపోయాయి. దేవిదాసు పిండికట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని పోయి అడిగితే, "చెయ్యి బాగు కానియ్యన్నా, సూద్దాం," అని మొహం చూడకుండా చెప్పారు. అతను షెడ్డు ముందు ఒంటరిగా కూచుని ఉండటం బోధన్ పోతూ వస్తూ లింగం కారులోంచి రోజూ చూశాడు. ఒకసారి ఆపబోయాడు. "నడువ్!" అన్నాడు వెనకనుంచి బసవయ్య. లింగం నడిపాడు.

కారు లోపల వాసన మొదలైంది. పోయే దారి లేని మడ్డి చాప కింద పులిసి నురగలు కక్కుతోంది. బసవయ్య జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని కూచునేవాడు, అయినా క్యాన్లు మానలేదు. గతుకుల్లో పోతే వెనక నేల గుబగుబమని ఊగేది. ఒకసారి లింగం నోరు తెరిచి, "సారు, ముందట కూసోండ్రి," అన్నాడు. అందుకు వీపు మీద గుద్దు పడింది.

చెరకు సీజను నడినెత్తిన ఉంది. ఆ రోజు క్యాంపు నుంచి తిరిగి వస్తుంటే బోధన్ దాకా రోడ్డు పొడుగునా చెరకు బండ్లు, ట్రాక్టర్లు. ఎద్దుల మెడగంటలు, ఎండిన చెరకు ఆకు గాలికి లేచి అద్దాలకు కొట్టుకుంటోంది. వెనక సీట్లో బసవయ్య, అతని కాళ్ళ ముందు రెండు నిండు క్యాన్లు.

"సారు," అన్నాడు లింగం.

"ఏంట్రా?"

"టేపు రిపేరుకు ఇచ్చింది నేనే గద. తెచ్చుకుందాం. తెచ్చినంక అడ్డ మీద ఒక్క మాట చెప్పుండ్రి, మా బావ దొంగ గాదని. చెయ్యి సంగతి నేను అడుగుత లేను."

వెనకనుంచి నెత్తి మీద దెబ్బ పడింది, కాలి చెప్పుతో. "నాకు చెప్తావురా? నా అన్నం తిని నాకు చెప్తావా?" మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు. చెవి చిట్లి మెడ మీదికి రక్తం కారింది. లింగం స్టీరింగు వదల్లేదు. "ఆ దొంగని పట్టించేది నువ్వేరా రేపు! సాక్ష్యం నువ్వే చెప్తావ్!" అంటూ బసవయ్య ముందు సీటు పట్టుకుని సగం లేచి నిలబడి, బలమంతా ఉపయోగించి కాలు నేలకేసి తన్నాడు.

నేల చిరిగింది.

లింగానికి ముందు అర్థం కాలేదు. వెనక మనిషి ఒక్కసారిగా పొట్టివాడైపోయాడు. అప్పుడు అరుపు వినపడింది, మనిషి అరుపులా లేదు. కారు కింద రోడ్డుకు ఏదో ఒరుసుకుపోతున్న చప్పుడు. లింగం కాలు బ్రేకు మీదే ఉంది. దాన్ని వెంటనే తొక్కలేదు. ఒక చెరకు బండి పొడుగంత దూరం తొక్కలేదు. తర్వాత తొక్కాడు.

బండ్ల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వెనక తలుపు తీస్తే, పెద్దమనిషి తొడ దాకా నేలలో దిగబడి ఉన్నాడు. క్యాన్లు పగిలి నల్లటి మడ్డి అతని తెల్ల చొక్కా నిండా పాకుతోంది. కంకర రోడ్డు మడమనుంచి పిక్క దాకా చర్మం ఒలిచేసింది, తెల్లగా ఎముక కనిపిస్తోంది. ఇద్దరు చంకలు పట్టి పైకి లాగబోయారు. బసవయ్య మళ్ళీ అరిచాడు. చిరిగిన రబ్బరు తొడకు ఉరితాడులా బిగిసింది, దానికి అంటుకున్న తుప్పు రేకుల మొనలు పైకి లాగినకొద్దీ కండలో దిగుతున్నాయి.

"లాగకుండ్రి!" అన్నాడు లింగం. "కిందికెల్లి కోయాలె."

చెరకు కత్తి ఒకటి అడిగి తీసుకుని కారు కిందికి దూరాడు. పైన రేకు ఏమీ మిగల్లేదు గానీ బావ చేతి పని అట్లాగే ఉంది, ఎక్కడా పొక్కలేదు, గీత పడలేదు. చిరిగింది తాను వణుకుతూ పులిమిన చోటే. రక్తమూ మడ్డీ కలిసి మొహం మీద కారుతున్నాయి. ఒలిచిన కాలు అతని ముక్కుకు జానెడు దూరంలో వణుకుతోంది. కత్తి రబ్బరుకు ఆనించి, ఆగాడు.

"సారు. టేపు ఏడున్నది?"

"కొయ్యరా... నీకు దణ్ణం పెడతా, కొయ్యరా!"

"టేపు ఏడున్నది? గట్టిగ చెప్పు. అందరు విననీ."

"రిపేరులో ఉంది! పోలేదు! వాడు దొంగ కాదు! నేనే కొట్టాను, చాలా? మడ్డి సంగతి బయటపడుద్దని కొట్టాను!"

బండ్ల వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో హన్మాండ్లు అనే ముసలాయన భీమవ్వ వీధివాడే. "థూ!" అని ఉమ్మేశాడు. కారు కింద లింగానికి ఛాతీ మీదినుంచి బండరాయి దించినట్టయింది. ఇక కోసెయ్యవచ్చు.

పైనుంచి బసవయ్య ఏడుపు గొంతుతోనే అన్నాడు. "నన్ను అడుగుతున్నావే! నేను కొడుతుంటే నీ బావని పట్టుకుంది ఎవడ్రా? నువ్వు కాదూ?"

కారు కిందినుంచి లింగానికి అందరి కాళ్ళే కనిపిస్తున్నాయి. హన్మాండ్లు కాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగాయి.

కత్తి చేతిలో ఉంది. రబ్బరు కోసే కత్తికి కండ ఒక లెక్కా! లింగం చాలాసేపు ఆ కాలిని చూశాడు. తర్వాత కత్తి మొన తొడకు తగలకుండా వేలు అడ్డం పెట్టి రబ్బరు కొద్దికొద్దిగా కోశాడు. రేకు మొనలకు తన వేలే తెగింది. పైవాళ్ళు మనిషిని ఎత్తి ట్రాక్టరులో చెరకు మీద పడుకోబెట్టి బోధన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. లింగాన్ని ఎవరూ ఎక్కమనలేదు. కారు తాళంచెవి సీటు మీద పడేసి అతను నడవడం మొదలుపెట్టాడు. కాస్త దూరం పోయాక బస్సు దొరికింది.

హన్మాండ్లు బండి ఇల్లు చేరేలోపల తానే చేరాలని అతని తొందర. చేరాడు. భీమవ్వ గడపలో బీడీలు కట్టలు కడుతోంది. దేవిదాసు లోపల మంచం మీద ఉన్నాడు. తమ్ముడి మొహం మీద ఎండిన రక్తం చూసి ఆమె చాట పక్కన పెట్టి లేచింది. "ఎవడు కొట్టిండురా?"

"అక్కా, బావను పట్టుకున్నది నేనే."

భీమవ్వకు ఆ మాట వెంటనే లోపలికి పోలేదు. ఒకసారి మొగుడివైపు చూసింది. దేవిదాసు కళ్ళు దించుకున్నాడు. అప్పుడు పోయింది.

చేతికందిన చాటతోనే కొట్టింది. బీడీలన్నీ గడపనిండా చెల్లాచెదురయ్యాయి. చాట విరిగితే చీపురు, చీపురు చెదిరిపోతే చేతులు. చెంపలు, వీపు, చిట్లిన చెవి, ఎక్కడ తగిలితే అక్కడ. "గీ ఇంట్ల తిన్నవు గదరా! నేను పెడ్తుంటె నా మొఖం సూసుకుంట తిన్నవు గదరా!" లింగం చెయ్యి అడ్డం పెట్టలేదు. వీధి జనం గుమిగూడారు. ఎవరూ ఆపలేదు. ఆమె గాజులు పగిలి ఆమె మణికట్టే తెగింది.

"సాలు భీమీ," అన్నాడు దేవిదాసు మంచం మీంచి. "నాకు సెయ్యి ఇరిగింది సాలదా? ఇల్లు గూడ ఇర్గుతదని నేనే సెప్పలే."

"నువ్వు నోరు ముయ్! నువ్వు దాసినవ్, వాడు తిన్నడు, పిచ్చిది నేనొక్కదాన్నే గీ ఇంట్ల!" అంటూ ఆమె గడపలో కూలబడింది. చాలాసేపు ఊపిరి అందక రొప్పింది. చెదిరిన బీడీలను ఒకటొకటే ఏరడం మొదలుపెట్టింది. లింగం వంగి ఏరబోతే చెయ్యి తోసేసింది.

"ముట్టకు. ఆ సెయ్యి తోటి నా బీడీలు ముట్టకు."

బీడీలన్నీ ఏరాక, తలెత్తకుండానే అంది. "రేపటి సంది షెడ్డుకు పో. ఆయన కూసుండి సెప్తడు, నువ్వు సెయ్యి. గీకుడు, తోముడు, కొట్టుడు. ఆయన సెయ్యి లేశేదాంక ఆయన సెయ్యి నువ్వే. గీ ఇంట్ల పండకు. షెడ్డుల పండు."

"మరి అన్నం?" అన్నాడు దేవిదాసు.

"షెడ్డుకే పంపుత. వాని మొఖం సూసుకుంట మాత్రం పెట్ట."

లింగం వాకిట్లో నిలబడి, తోడుకున్న నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. దేవిదాసు ఎడమచేత్తో దిండు కిందినుంచి షెడ్డు తాళంచెవి తీసి అతని వైపు చాచాడు. లింగం రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు.